ఇంటివాళ్ళు కొంటున్నారంటే

2023 ఆగస్టు పద్దెనిమిది, శుక్రవారం. ఆ సాయంత్రం తిన్నది బొరుగుల ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీలూ. తారీఖు గుర్తుండిపోవడానికి కారణం బజ్జీలు కాకపోయినా, ఆ రోజు తలపుకు వచ్చినప్పుడల్లా సుందరానికి ముందు నాలుక మీద ఆ కారమే మెదులుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ బజారు వెనక సందులో హబీబుల్లా టైలరింగు అంగడి. గుడ్డ కత్తిరించే బల్ల మీద పాత పేపరు పరిచి పొట్లాలు విప్పారు. తినేవాళ్ళు ముగ్గురు. హబీబుల్లా, సందు మొగదల బంగారు అంగడి నడిపే వీరభద్రయ్య శెట్టి, డిగ్రీ కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పి రిటైరైన సుందరం.

వీరభద్రయ్యకు డాక్టరు నూనె మాన్పించాడు. అందుకని ఆయన ఇంట్లో బజ్జీలు తినడు, ఇక్కడ తింటాడు.

"మీ ఇంటామెకు తెలిస్తే నన్ను తంతాది శెట్టీ," అన్నాడు హబీబుల్లా.

"తెలుసులేప్పా. తెలిసే గమ్మునుంది. ఒక మిరపకాయ ఎక్కువ తిని పోతే పోనీలే అనుకుంటాందేమో."

సుందరం నవ్వి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కళ్ళజోడు తుడిచాడంటే జాబితా చదవబోతున్నాడని మిగతా ఇద్దరికీ తెలుసు.

రిటైరైన దగ్గర్నుంచీ ఆయన ఒక పని తప్పకుండా చేస్తున్నాడు. షేర్ల మార్కెట్టు మూతబడ్డాక సాయంత్రానికి ఎక్స్చేంజీ వాళ్ళు రెండు జాబితాలు బయట పెడతారు. ఏ కంపెనీలో ఎవరు పెద్ద గుత్తగా షేర్లు కొన్నారు, ఎవరు అమ్మారు అనేది ఒకటి. కంపెనీ నడిపేవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ తమ సొంత కంపెనీ షేర్లు కొన్నారా, అమ్మారా అనేది రెండోది. ఇందులో దాపరికం ఏమీ లేదు. చదివే ఓపిక ఉంటే ఎవరైనా చదవచ్చు. సుందరానికి ఆ ఓపిక ఉంది. ఇంటికి వెళితే పలకరించే మనిషి లేనప్పటి నుంచి మరీ ఉంది.

"కంపెనీ లెక్కలు అందురూ చూస్తారప్పా," అనేవాడు. "ఆ లెక్కలు రాసేటోళ్ళు సొంత దుడ్లు యాడ పెడతాండారో చూడాల. పెద్దోళ్ళు అమ్మినారని బెదరద్దు, వాళ్ళకు ఏమేం అవసరాలున్నాయో మనకేం తెలుసు. ఇంటోళ్ళు కొంటాండారంటే మాత్రం ఆగి చూడాల. పొయ్యి మీద ఏం ఉడుకుతాండేదీ వాళ్ళకే తెలుసు."

ఈ మాట మీదే హబీబుల్లా పాలకొండ పైప్స్ షేర్లు కొన్నాడు. పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోటలకూ అరటి తోటలకూ డ్రిప్పు పైపులు తయారుచేసే చిన్న కంపెనీ అది. నడిపే శరత్ చంద్ర సుందరం దగ్గర చదువుకున్నవాడు. సుందరం కూడా భార్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత అందులోనే పెట్టాడు. హబీబుల్లాది వేరే అవసరం. తను బాడుగకున్న ఈ గదిని ఓనరు అమ్మకానికి పెట్టి, ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాడని ముందు అతన్నే అడిగాడు. ఆగస్టు ఆఖరుదాకా గడువిచ్చాడు. హబీబుల్లా, భార్య గుల్జార్‌బీ కూడబెట్టింది గది ధరకు కొంచెం తక్కువ పడింది. ఆ తక్కువ పూడుతుందని కూడబెట్టిందంతా ఎండాకాలంలో పాలకొండలో పెట్టాడు. పెట్టింది పోలేదు. కొంచెం పైనే నిలబడింది. ఇప్పుడమ్మినా గది డబ్బు సరిపోతుంది, ఇంకో నాలుగు రోజులు పెరిగితే రిజిస్ట్రేషను ఖర్చు కూడా వస్తుందని ఆగాడు.

"చదువు సారూ," అన్నాడు హబీబుల్లా, వేళ్ళకంటిన నూనెను గుడ్డ పీలికకు తుడుచుకుంటూ.

సుందరం సెల్లు దగ్గరికి పెట్టుకుని చదవబోయి ఆగాడు. మొదటి జాబితాలో పాలకొండ పైప్స్ ఉంది. ఇన్నాళ్ళూ ఆ కంపెనీలో ఉన్న బొంబాయి మ్యూచువల్ ఫండు ఒకటి తన షేర్లన్నీ ఒకే గుత్తగా అమ్మేసి వెళ్ళిపోయింది. రెండో జాబితాలోనూ పాలకొండ ఉంది. శరత్ చంద్ర తల్లి అన్నపూర్ణమ్మ బుధవారం కొన్ని, గురువారం కొన్ని షేర్లు కొన్నది.

"ఫండోడు పాయె, తల్లి వచ్చె," అన్నాడు హబీబుల్లా. "ఇప్పుడెవర్ని నమ్మల్ల సారూ?"

"నేనెప్పుడూ చెప్పేదే. బొంబాయోడు కాగితం చూసి అమ్మినాడు. తల్లి ఇంట్లో ఉండి కొనింది."

హబీబుల్లా ముఖం తేటపడింది. కానీ వీరభద్రయ్య చేతిలోని బజ్జీని మళ్ళీ పేపరు మీద పెట్టేశాడు. ఆయన బజ్జీని అట్లా వదిలిపెట్టడం వాళ్ళిద్దరూ ఎప్పుడూ చూడలేదు.

"ఆ తల్లి పేరు ఇంకోతూరి చదువు సారూ," అన్నాడు.

సుందరం చదివాడు. శెట్టి లేచి తలుపు దగ్గరికి వేశాడు.

చుట్టుపక్కల ఊళ్ళలో కాస్త కలిగినవాళ్ళు నగ అమ్ముకోవలసి వస్తే సొంత ఊళ్ళో అమ్మరు. పులివెందుల వాళ్ళయినా, జమ్మలమడుగు వాళ్ళయినా బస్సెక్కి ప్రొద్దుటూరు వస్తారు. ఇక్కడి పాత అంగళ్ళలో కొనేవాళ్ళు ముందర కూర్చుంటారు, అమ్మేవాళ్ళకు తెర వెనక లోగది ఉంటుంది. అక్కడ పేరు అడగరు. ఊరు అడగరు. మజ్జిగ ఇస్తారు. వీరభద్రయ్య అంగట్లో ఇంకో అలవాటు కూడా ఉంది, వాళ్ళ నాయన పెట్టింది. కరిగించబోయే నగలోంచి ఒక్క గుండు తీసి, దారానికి గుచ్చి, అమ్మినామె చేతిలో పెడతారు. ఆడమనిషి ఉత్త చేతులతో అంగడి మెట్లు దిగకూడదని. దానికి లెక్క కట్టరు.

"లోగది మాట బయటికి రాగూడదు," అన్నాడు వీరభద్రయ్య. "మా నాయన ఉంటే నా చెంప పగలగొట్టేటోడు. నేను పేరు చెప్పను. పులివెందుల తట్టునుంచి ఒక పెద్దామె బుధవారం వచ్చింది. వడ్డాణం ఇచ్చి పోయింది. గురువారం మళ్ళా వచ్చింది, కాసులపేరు. అంతే, ఇంక నన్నేం అడగద్దు."

హబీబుల్లా చేతిలోని గుడ్డ పీలికను బల్ల మీద పడేశాడు.

"అట్లయితే కంపెనీ మునిగినట్లే కదా," అన్నాడు. "బంగారు ఇల్లు దాటిందంటే ఇంట్లో ఏమీ లేదనే కదా మన బజార్లో లెక్క. సోమవారం మార్కెట్టు తెరస్తానే అమ్మేస్తా."

"ఆగప్పా. బంగారు అమ్మింది నిజమే, షేర్లు కొనింది కూడా నిజమే. నగలమ్మి కొనిందంటే దాని మీద ఆమెకెంత నమ్మకముండాల!" అన్నాడు సుందరం.

"నమ్మకమో, భయమో!" అన్నాడు హబీబుల్లా.

సుందరం సెల్లు జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం దాకా టైముంది. శరత్‌ను చూసొస్తా. నా ముందర అబద్ధం చెప్పలేడు వాడు," అన్నాడు.

అది తను చేస్తున్న తప్పని అప్పుడాయనకు తట్టలేదు. ఇన్నేళ్ళూ బయటపెట్టిన కాగితాలు తప్ప ఇంకేవీ చూడవద్దని అందరికీ చెప్పినవాడు, కాగితం వదిలి ఇంటికి బయలుదేరాడు.

ఆదివారం పొద్దున జమ్మలమడుగు బస్సెక్కాడు. ఆయన భార్య కరుణమ్మ అక్కడి మిషనరీ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఆమెను పాతిపెట్టింది కూడా ఆ ఊళ్ళోనే. నెలకొక ఆదివారం అక్కడి చర్చిలో ఆరాధన చూసుకుని, సమాధి మీద రాలిన ఆకులు ఏరి వస్తాడు. ఆ రోజు ఆకులు లేవు. ఎవరో అప్పటికే ఊడ్చి, పక్క సమాధి మీద పెట్టినట్టే ఈమె మీద కూడా నాలుగు కనకాంబరాలు పెట్టి పోయారు. ఎవరో తెలియని ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు ఎక్కాడు.

కిటికీ పక్కన సీటు దొరికింది. చీనీ తోటలు వెనక్కి పోతుంటే కరుణమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది. ఆమె డ్యూటీ దిగి వచ్చాక కాళ్ళు చాపుకుని కూర్చుని చెప్పేది. 'మంచం పక్కన కూర్చున్న తల్లిని మాత్రం రోగి ఎట్లున్నాడని అడగొద్దండీ. ఈ పొద్దు శానా మేలు అంటాది. ఒళ్ళు కాలిపోతాన్నా మేలే అంటాది. అబద్ధం కాదు, ఆమెకు అట్లే కనపడతాది. మేము చార్టు చూస్తాం.' ఎందుకు గుర్తొచ్చిందో ఆయన ఆలోచించలేదు. ఆమె మాటలు అట్లా ఊరికే వచ్చి పోతుంటాయి.

శరత్ చంద్ర ఇంట్లో లేడు. వసారాలో చాప మీద అన్నపూర్ణమ్మ ఒక్కతే కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. కాలేజీ రోజుల్లో కొడుకు కోసం వచ్చిపోతుండేది కాబట్టి వెంటనే గుర్తుపట్టింది.

"రా సారూ, రా. వాడు బెంగళూరు పోయినాడు. ఎండన పడి వచ్చినావే, ఒక ఫోను చేస్తే కారు పంపుండేవాళ్ళం కదా."

మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చేతికి ఒక జత గాజులున్నాయి. మెడ బోసిగా ఉంది. కుడిచేతి మణికట్టుకు నల్ల దారం, దారానికి రెండు బంగారు గుండ్లు. సుందరం ఆ గుండ్లను చూసి, మజ్జిగ గ్లాసు కిందపెట్టాడు.

"వాని గురించే వచ్చినావు కదా," అన్నది ఆమె. "కాయితాల్లో నా పేరు చూసింటావు. నువ్వు చూస్తావని మావాడు ఎప్పుడూ అంటాంటాడు. ఏం చెప్పమంటావు సారూ, ఆ కర్ణాటకోళ్ళు పెద్ద ఆర్డరు..."

"చెప్పొద్దమ్మా," అని సుందరం చెయ్యెత్తాడు.

"...వద్దనేసినారు. వాడింకా ఎవురికీ చెప్పలా. చెప్తే రేటు పడిపోతాదని భయం. అంతలో ఆ బొంబాయోడు అమ్ముకోని పాయె. వారం రోజుల్నుంచి వాడు అన్నం ముందర కూర్చోని లేచిపోతాండాడు. నేను కొన్న రోజు రేటు రొంత నిలబడింది సారూ. ఆ రాత్రి రెండు ముద్దలు తిన్నాడు. అందుకే రేపు ఈ గాజులు కూడా తీసకపోవాలనుకుంటాండా. కొనమంటావా?"

సుందరం చెవులు మూసుకోలేకపోయాడు. వినకూడనిది వినడం అయిపోయింది.

ఇన్నేళ్ళు నమ్మిన మాట ఆ చాప మీద చెనక్కాయ తొక్కుల పక్కన పడి ఉన్నట్టనిపించింది. పొయ్యి మీద ఏమీ ఉడకడం లేదని ఆమెకు తెలుసు. తెలిసే కొంటోంది. లాభం కోసం కాదు, కొడుకు రెండు ముద్దలు తింటాడని. కంపెనీ జాబితాలో ఆమె పేరు పక్కన తేదీ ఉంటుంది, సంఖ్య ఉంటుంది. ఇది ఉండదు.

ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. పాలకొండ షేర్లు కొనేవాళ్ళు ఇప్పుడు పెద్దగా ఎవరూ లేరు. రేపు పొద్దున ఈమె కొంటే, హబీబుల్లా అమ్మేవి ఈమె చేతికే వస్తాయి. అతను బయటపడతాడు, గది అతనికి దక్కుతుంది. తను చేయవలసింది ఏమీ లేదు. కొను తల్లీ అని కూడా అనక్కర్లేదు. మజ్జిగ తాగి, వెళ్ళొస్తానని లేస్తే చాలు.

గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. మజ్జిగలో కరివేపాకు రెబ్బ నలిపి వేసింది ఆమె, అల్లం ముక్క కూడా. అడగకుండానే ఉప్పు తగ్గించింది, వయసు మనిషని. దాన్ని తాగి, ఏమీ అనకుండా లేచిపోవడం ఆయన చేతకాలేదు.

"కొనొద్దమ్మా," అన్నాడు.

"తల్లి కొనకపోతే ఇంకెవురు కొంటారు సారూ?"

"నీకు తెలిసింది ఊరికి తెలీదు. తెలీనివాళ్ళ మధ్యన తెలిసినోళ్ళు కొనగూడదు, అమ్మగూడదు. అది చట్టం. శరత్‌ను ముందు ఆ ఆర్డరు సంగతి ఎక్స్చేంజీకి చెప్పమను. చెప్పినాక కూడా నీకు కొనాలనుంటే అప్పుడు కొను."

"చెప్తే వాడు తట్టుకోలేడు."

సుందరం మజ్జిగ తాగి గ్లాసు కిందపెట్టాడు. తర్వాత అడిగాడు. "ఫస్టియర్లో వాడు అకౌంట్సు పేపరు తప్పినాడు, గుర్తుందా?"

ఆమె ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. "ఎందుకు లేదు. మార్కుల కాయితం బీరువా కింద దాచినాడు. ఎన్ని దినాలో మొగం ఇంత చేసుకోని తిరిగినాడు."

"చెప్పిన రోజు?"

"చెప్పిన రోజు ఆరు దోసెలు తిన్నాడు. నేను కొట్టలా. పోస్తానే ఉన్నా, తింటానే ఉన్నాడు." ఆమె గాజులను మణికట్టు మీద ఒకసారి వెనక్కి తోసుకుంది. "రేయి ఫోను చేస్తాడు. చెప్తా."

వద్దన్నా వినకుండా సంచి నిండా చీనీకాయలు ఇచ్చి పంపింది. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు సుందరానికి తన సంగతి తెలిసొచ్చింది. శరత్ చంద్ర నోరు విప్పేదాకా తనూ ఆ ఇంటివాళ్ళలో ఒకడే. తను అమ్మకూడదు. అమ్మమని హబీబుల్లాకు చెప్పకూడదు. ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పి, పరీక్షలో ప్రశ్నగా ఇచ్చి, తప్పు రాసినవాళ్ళకు మార్కులు కోసిన పాఠం అది.

సోమవారం పొద్దున మార్కెట్టు తెరవకముందే హబీబుల్లా అంగడి తెరిచి కూర్చున్నాడు. వీరభద్రయ్య కూడా తన అంగడి తాళం తీయకుండా ఇక్కడికే వచ్చాడు. సుందరం చీనీకాయల సంచి బల్ల మీద పెట్టి, ఇచ్చిన టీ తాగాడు.

"ఏమాయె సారూ?"

"నన్ను ఆ కంపెనీ గురించి ఏం అడగద్దప్పా. నేను మాట్లాడగూడదు."

"అడగద్దంటే? నువ్వు పోయింది నా కోసరం కదా?"

"పోకుండా ఉండాల్సింది."

ఇద్దరూ ఆయన ముఖం చదవడం మొదలుపెట్టారు.

"చీనీకాయలిచ్చి పంపినారంటే ఇల్లు బాగానే ఉన్నట్లే," అన్నాడు హబీబుల్లా.

"కాయలు తోటలో కాస్తాయి, ఫ్యాక్టరీలో కాయవు," అన్నాడు వీరభద్రయ్య. "సారు టీలో చక్కెర కలుపుకోకుండానే తాగినాడు, చూసినావా? నేనైతే అమ్మేస్తా."

"ఆయప్పకు చక్కెర ఎప్పుడో బందు. సారూ, ఒక్క మాట. నోటితో వద్దు, తలకాయ ఊపు చాలు."

సుందరం తల కదలకుండా పట్టుకున్నాడు. మెడ నొప్పి పుట్టింది. ఎదురుగా మిషను ముందు కూర్చున్న మనిషి మెడలో టేపు వేలాడుతోంది. ఆ టేపుతోనే అతను కరుణమ్మ తెల్ల యూనిఫారాలకు కొలతలు తీసుకున్నాడు. అతనికి ఏమీ చెప్పలేకపోవడం నోట్లో రాయి పెట్టుకున్నట్టుంది.

"పోనీ ఇది చెప్పు," అన్నాడు హబీబుల్లా. "నీవి నువ్వు అమ్ముతాండావా?"

"నేనమ్మడం లేదు," అన్నాడు సుందరం.

అది నిజం. నిజం కాబట్టే గబుక్కున వచ్చింది. అన్న తర్వాత హబీబుల్లా ముఖం విచ్చుకోవడం చూశాడు. ఇంటివాడు తన షేర్లు పట్టుకుని కూర్చున్నాడు, అంటే పట్టుకోవచ్చన్నమాట. చదవడం తను నేర్పిందే.

"నన్ను చూసి ఏమీ చేయొద్దప్పా. నీ అవసరం చూసి నువ్వు చెయ్యి," అన్నాడు కంగారుగా.

"అట్లే సారూ, అట్లే. అర్థమాయె," అని హబీబుల్లా సెల్లు పక్కన పెట్టి, కత్తెర తీసుకుని కళ్ళతోనే నవ్వాడు.

మంగళవారం సాయంత్రం పాలకొండ పైప్స్ తన ఆర్డరు పోయిన సంగతి బయటపెట్టింది. శరత్ చంద్ర దాచకుండా, సాకులు చెప్పకుండా నాలుగు వాక్యాల్లో రాశాడు. ఆ నాలుగు వాక్యాలు చదివి సుందరం శిష్యుడి కోసం సంతోషపడ్డాడు. హబీబుల్లా కోసం ఆ రాత్రి అన్నం వండుకోలేదు. బుధవారం తెరవగానే రేటు కిందికి జారింది. అమ్ముదామన్నా కొనేవాడు లేడు. మళ్ళీ కొనేవాళ్ళు వచ్చేసరికి గది కొనడానికి సరిపోయేంత డబ్బు హబీబుల్లా చేతిలో మిగల్లేదు. ఆ గదిని సెల్‌ఫోన్లు అమ్మే అతను కొనుక్కున్నాడు.

సుందరం ఒకసారి అంగడికి వెళ్ళాడు. హబీబుల్లా లేడు, గుల్జార్‌బీ ఒక్కతే గుడ్డలు మూటగడుతోంది.

"రా సారన్నా, రా. నువ్వు నోరు మూసుకుంటివి, మా అంగడి మూతబడె," అన్నది.

ఆయన నిలబడే విన్నాడు. ఆమె ఇంకా ఏదో అనబోయి, ఆయన వంక చూసి, కుర్చీ మీది మూట కిందికి దించింది. "కూర్చో. నిలబడి తిట్లు తింటారా ఎవరైనా," అన్నది. ఆయన కూర్చోలేకపోయాడు. ఆ తర్వాత సాయంత్రాలు ఇంట్లోనే గడిపాడు. జాబితాలు తెరవలేదు.

వారం గడిచాక ఒక సాయంత్రం హబీబుల్లా ఇంటికే వచ్చాడు. చేతిలో ఉగ్గాణీ పొట్లం.

"శెట్టి చెప్పినాడు సారూ," అన్నాడు, అరుగు మీద కూర్చుంటూ. "పేరు చెప్పలా, ఏం మనిషి! పులివెందుల తట్టు పెద్దామె అన్నాడు. మళ్ళా వచ్చిందంట. రెండు గుండ్లు తెచ్చి గొలుసుకు ఎక్కించమనిందంట. ఎవురో సారు కొనొద్దన్నాడు, ఈ గాజులు మిగిలినాయి అని చెప్పిందంట."

సుందరం పొట్లం అందుకుని అరుగు మీద పెట్టాడు.

"ఆ సోమవారం నేను అమ్మింటే, కొనేది ఆమె కదా?"

"ఊ."

"ఆ గాజులమ్మి."

"ఊ."

హబీబుల్లా వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. "తలకాయ ఊపమని అడిగినానే! నేను అడిగింది ఒక ముసలామె గాజులని నాకు తెలీదు సారూ. నీకు తెలుసు. ఎట్ల మింగినావప్పా దాన్ని?"

"ఏం మింగినాను? నేనమ్మడం లేదన్నా. ఆ మాట పట్టుకోనే నువ్వు ఆగిపోయినావు."

"అబద్ధమైతే కాదు కదా."

"నిజమే. నువ్వు దాన్ని ఇంకోరకంగా చదువుకుంటావని నాకు తెలిసుండాల. నేర్పింది నేనే కదా. ఆ తల్లి పేరు చూసి నేనూ అట్లే చదివినా."

పొట్లం విప్పి మధ్యన పెట్టుకున్నారు. చల్లారిపోయింది, అయినా తిన్నారు. తిన్నాక సుందరం లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చాడు. ఆ అరుగు పక్కనే వీధిలోకి తెరుచుకునే గది ఒకటుంది. రిటైరై ప్రొద్దుటూరు వచ్చాక కరుణమ్మ ఆ గదిలో కూర్చుని వీధివాళ్ళకు ఇంజెక్షన్లు వేసేది, బీపీ చూసేది. ఆమె పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి ఆ గది మూసే ఉంది.

తాళం తీసి తోస్తే తలుపు గడపకు రాసుకుని కిర్రుమని అరిచింది. గోడకు ఇంకా ఆమె గడియారం ఉంది, ఆగిపోయి. కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు సరిగ్గా గది మధ్యలో పడుతోంది.

"మిషను ఈడ పెట్టుకో," అన్నాడు సుందరం. "వెలుతురు బాగుంటాది."

హబీబుల్లా గడప దాటలేదు. "అమ్మగారి గది కదా సారూ."

"ఆమె ఉంటే ఈ మాట నాకన్నా ముందు అనేది. నువ్వు ఆమెకు కుట్టిన యూనిఫారాలు ఆ పెట్టెలోనే ఉండాయి."

"బాడుగ తీసుకుంటేనే వస్తా."

"తీసుకుంటాలే. ఇస్తే వద్దంటానా."

ఆదివారం మిషను వచ్చింది, బల్ల వచ్చింది, వెనకనే గుల్జార్‌బీ చీపురు పట్టుకుని వచ్చింది. గోడలు దులిపింది, గడియారానికి కొత్త సెల్లు వేయించింది. వెళ్ళబోతూ సుందరం ముందు ఆగింది.

"ఈసారి ఏమన్నా తెలిస్తే నోరు తెరువు సారన్నా," అన్నది. "వానొస్తాందని అయినా చెప్పు, గుడ్డలు లోపల పెట్టుకుంటాం."

సుందరం నవ్వాడు. ఆమె కూడా నవ్వు దాచుకోలేదు.

మరుసటి సాయంత్రం వీరభద్రయ్య బజ్జీలు తెచ్చాడు. కొత్త చోటుకు తెస్తే భార్యకు తెలియదని ఆయన ధైర్యం. సుందరం చాలా రోజుల తర్వాత కళ్ళజోడు తుడుచుకుని జాబితాలు తెరిచాడు. ఏదో కంపెనీలో ఎవరో భార్య షేర్లు కొన్నది.

"ఎందుకు కొనిందో?" అన్నాడు హబీబుల్లా.

"తెలీదప్పా," అన్నాడు సుందరం. అంతవరకే చెప్పి, తర్వాతి పేరు చదివాడు.

శెట్టి వెళ్ళిపోయాక సుందరం లోపలికి వచ్చి పడుకున్నాడు. పెళ్ళిళ్ళ కుట్టుపని ఉందని హబీబుల్లా ఇంకాసేపు మిషను తొక్కుతూ కూర్చున్నాడు. గోడ అవతలి నుంచి ఆ చప్పుడు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. కొంతసేపటికి అది ఆగిపోయింది. లైటు ఆర్పిన చప్పుడు. ఇప్పుడు తలుపు గడపకు రాసుకుని అరుస్తుందని సుందరం కళ్ళు మూసుకునే ఎదురుచూశాడు. కరుణమ్మ మాత్రం దాన్ని అరవనిచ్చేది కాదు. రాత్రిపూట గడియ పట్టుకుని కొంచెం పైకెత్తి మూసేది, ఈయన నిద్ర చెడకూడదని.

తలుపు అరవలేదు. హబీబుల్లా దాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి లాగి, గడియ పెట్టి వెళ్ళిపోయాడు.